గుట్టోళ్ళు విడిపోయాక వచ్చిన మూడు ఆల్బమ్‌లు

మొన్నొకనాడు ఆఫీసుకి వెళ్తూ రాయదుర్గం వెళ్ళే మెట్రోలో కూర్చుని ఉంటే మా అమ్మాయి నా ఫోనుకి ఒక వ్యాసం పంపించింది. ఎవరో రాక్ సంగీతం మీద ఇష్టమున్న యువకుడు రాసినది. ఒకప్పుడు మాదాపూర్‌లో ‘గుట్టోళ్ళు’ అనే ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు ఉండేదనీ, అది విడిపోయాక అందులోని ముగ్గురూ ఎవరికి వారు తెచ్చిన తొలి ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి వింటే ఎవరి బలం ఏమిటో తేలిపోతుందనీ రాసి, మూడింటికీ మార్కులు కూడా వేశాడు. గిటారిస్టుది మొదటి స్థానం, కీబోర్డు వాయించే అతనిది రెండోది, డ్రమ్మర్‌ది ఆఖరిది. పైగా డ్రమ్మర్ ఆల్బమ్‌లో నాలుగో పాట మధ్యలో ఏమీ లేకుండా చాలాసేపు ఒట్టి దరువే నడుస్తుందనీ, అక్కడ ఏం చేయాలో పాపం అతనికి తోచి ఉండదనీ ఒక మాట విసిరాడు.

ఆ గిటారిస్టు మా అన్నయ్య. ఆ డ్రమ్మర్ మా ఆయన. కీబోర్డు వాయించిన అతను మేము అద్దెకున్న ఇంటావిడ, మేము పెద్దమ్మ అని పిలిచే ఆవిడ కొడుకు, నాకు తోడబుట్టకపోయినా తమ్ముడే. సాయంత్రం మా ఆయనకి ఆ వ్యాసం చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని తాపీగా చదివి, పోనీలే, నాలుగో పాట దాకా విన్నాడు కదా అని నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మూడు ఆల్బమ్‌లనీ అందరికన్నా ముందు విన్నదాన్ని నేను. పోల్చి చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ముందు నాకుండాలని ఒక చిన్న పట్టుదల కలిగి ఇది రాస్తున్నాను.

మేము తెనాలి నుంచి వచ్చిన కొత్తలో మాదాపూర్ ఇప్పటిలా ఉండేది కాదని నా వయసువాళ్ళకి వేరే చెప్పక్కరలేదు. ఒక పెద్ద అద్దాల భవనం, దాని చుట్టూ రాళ్ళగుట్టలు, తుమ్మచెట్లు, ఎక్కడో విసిరేసినట్టు కొన్ని ఇళ్ళు. అన్నయ్యకి ఆ భవనంలో ఉద్యోగం వచ్చింది, ఆ వెనకే నాకూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని దొరికింది. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికిపెట్టడం నా పని. గుట్టని ఆనుకుని ఉన్న పెద్దమ్మ ఇంటి పైభాగంలో అద్దెకి దిగాము. డాబా మీద ఒక గది ఖాళీగా ఉండేది. అన్నయ్య గిటారు ముందు అందులోకి చేరింది, తరవాత పెద్దమ్మ కొడుకు కీబోర్డు చేరింది, ఆ తరవాత అన్నయ్య ఆఫీసు స్నేహితుడొకాయన ఆటో ట్రాలీలో డ్రమ్ములు తెచ్చి దించాడు. ఆ స్నేహితుడే కొన్నాళ్ళకి మా ఆయన అయ్యారు. బ్యాండు వదిలి పోకుండా ఉండాలనే నిన్నిచ్చి పెళ్ళి చేశానని అన్నయ్య అందరి ముందూ హాస్యమాడేవాడు.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటో నాకూ మొదట్లో తెలియదు. పల్లవి, రెండు చరణాలు, అయిపోయింది అనుకునే పాట కాదది. ఒక్కో పాట అరగంటకి దగ్గరగా సాగుతుంది, మధ్యలో నడక మారుతుంది, నాలుగు దెబ్బల తాళం కాస్తా ఏడుకో అయిదుకో పోతుంది, మళ్ళీ ఎక్కడినుంచో మొదటి వరస వచ్చి కలుస్తుంది. మా ఆయన చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు కాబట్టి ఆయనకి మిశ్రచాపు కొత్త కాదు, అన్నయ్య విదేశీ రికార్డుల్లో విని తలబద్దలు కొట్టుకున్న ఏడు దెబ్బల తాళాన్ని ఆయన తొడమీద చెయ్యి వేసి ఇట్టే చూపించేవారు. పెద్దమ్మ మాత్రం మెట్ల దగ్గర నిలబడి, “ఏంది బిడ్డా, ఈ పాట ఇంక ఒడుస్తలేదు?” అని నన్నడిగేది. ఆవిడే వీధిలోవాళ్ళతో మా గుట్టోళ్ళు, మా గుట్టోళ్ళు అంటూ ఉంటే అదే బ్యాండు పేరైపోయింది.

ఆ రోజుల్లో భవనాలు కట్టడానికి గుట్టలని పేల్చేవాళ్ళు. పేల్చబోయే ముందు ఈల వేసేవారు. ఆ ఈల వినిపించగానే ముగ్గురూ వాయించడం ఆపి, చేతులు వాద్యాల మీదే ఉంచి, పేలుడు అయ్యాక ఆగినచోటి నుంచే అందుకునేవాళ్ళు, ఎవరూ ఒకటి రెండు మూడు అని లెక్క చెప్పకుండానే. నేను ఆ గది గడప మీద కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతూ, వాళ్ళు ఒక్కసారిగా ఎలా కలుస్తారా అని ఆశ్చర్యపోయేదాన్ని. నా జీవితంలో నేను విన్న మంచి సంగీతమంతా ఆ గడప మీద విన్నదే.

విడిపోవడానికి కారణం పైకి చాలా చిన్నది. మా ఆయనకి తాళం ఒక చుట్టు తిరిగే ప్రతి ఆవర్తనం చివరా దెబ్బని వెంట్రుకవాసి ఆలస్యంగా వేసే అలవాటు ఉండేది. అది పాట ఊపిరి తీసుకునే చోటని ఆయన అనేవారు, మొదట్లో అన్నయ్యకీ అదే ఇష్టంగా ఉండేది. కానీ వాళ్ళ పెద్దపాటని రికార్డు చేస్తున్నప్పుడు స్టూడియోలో ఎవరో అది తప్పులా వినిపిస్తోందన్నారు. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళి ఉన్నారు. అన్నయ్య ఆ డ్రమ్ములు తీయించేసి వాటి చోట కంప్యూటరు దరువు పెట్టించాడు. తమ్ముడికి నచ్చకపోయినా ఎదురుచెప్పలేకపోయాడు. తిరిగి వచ్చి పాట విన్న మా ఆయన కేకలేయలేదు, చివరిదాకా విని లేచి నిలబడ్డారు.

“నా చెయ్యి నీకు తప్పుగా వినిపిస్తే, ఇన్నాళ్ళూ ఎవరితో వాయించావు?” అన్నారు.

మర్నాడే ఆటో ట్రాలీ వచ్చింది, డ్రమ్ములు గదిలోంచి దిగిపోయాయి.

ఆ తరవాత వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. ఒకరికి చెల్లెల్ని, ఒకరికి భార్యని అయిన నా అవస్థ ఊహించుకోండి. మా అమ్మాయికి చెవులు కుట్టించేనాడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కాబట్టి అన్నయ్య రాక తప్పలేదు. పిల్లని గట్టిగా పట్టుకోమని చెప్పు అని మా ఆయన నాతో అంటే, పట్టుకునే ఉన్నానని చెప్పమ్మా అని అన్నయ్యా నాతోనే అన్నాడు, మధ్యలో కంసాలి సూది పట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక అటూ ఇటూ చూశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆవేళ పిల్లకన్నా ముందు నేను ఏడ్చాను.

ఆ ఎడబాటులోనే ముగ్గురూ తలా ఒక ఆల్బమ్ తయారుచేశారు. ముందు వచ్చింది అన్నయ్యది, పేరు ‘మెట్లు’. సెలవు పెట్టి చెన్నై వెళ్ళి, అక్కడి పేరున్న వాద్యకారులతో రికార్డు చేశాడు. మొత్తం ఆల్బమ్ ఒకే పాట అనుకోవచ్చు, గిటారు కింది స్థాయిలో మొదలై మెట్టు మెట్టుగా ఎక్కుతూ చివరికి ఊపిరి ఆడనంత ఎత్తుకి తీసుకుపోతుంది. అందులో వేలెత్తి చూపే చోటు లేదు. ఆ యువకుడు దానికి మొదటి స్థానం ఇవ్వడం న్యాయమే. కానీ గడప మీద కూర్చుని విన్న చెవికి ఒక సంగతి తెలిసిపోయింది. ఆ చెన్నై డ్రమ్మర్ ప్రతి ఆవర్తనం చివరా దెబ్బని సరిగ్గా వేస్తున్నాడు, అన్నయ్య గిటారు మాత్రం వెంట్రుకవాసి ఆగి అప్పుడు అందుకుంటోంది. ఎవరి చెయ్యి కోసం ఆగుతోందో నాకు తెలుసు. తప్పు పట్టడం అలవాటైన ఉద్యోగమైనా, అది తప్పని మటుకు అనలేకపోయాను. ఎలా ఉందని అన్నయ్య అడిగితే చాలా బాగుందన్నాను, అది నిజం కూడా.

తమ్ముడిది ‘మడి’. నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు అద్దాల టవర్లున్న చోట వాళ్ళకి ఒకప్పుడు మడులుండేవి, పెద్దమ్మ వయసులో ఉండగా అక్కడ నాట్లు వేసింది. తమ్ముడు ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని, వాళ్ళ ఇంటి యాసలోనే పాటలు రాసుకుని, తనే పాడాడు. అన్నయ్యది పైకి ఎక్కే సంగీతమైతే ఇతనిది కిందికి, నేలలోకి దిగే సంగీతం. కీబోర్డు వానలా మొదలై, సన్నబడి, ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. అక్కడ పెద్దమ్మ ఒక్కతే కూనిరాగం తీస్తూ ఉంటుంది, వెనక గిన్నెల చప్పుడు. ఆవిడ అంట్లు తోముకుంటుంటే చెప్పకుండా రికార్డు చేశాడు. వినిపించినప్పుడు పెద్దమ్మ కాసేపు తన గొంతుని తానే గుర్తుపట్టలేదు.

“జర చెప్పుంటే మంచిగ పాడుదును గద బిడ్డా,” అని మాత్రం అంది. ఆపైన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ పెట్టమంది.

ఆఖరున వచ్చింది మా ఆయనది, ‘ఆదివారం’. డ్రమ్మర్ సొంత ఆల్బమ్ అంటే చెవులు హోరెత్తిపోతాయని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే మూడింటిలోకీ నెమ్మదైనది అదే. ఆదివారాలు ఒక ప్రాక్టీసు గది అద్దెకి తీసుకుని రికార్డు చేశారు. వచ్చీరాని కీబోర్డు మీద తనే నాలుగు వరసలు వాయించుకున్నారు, కొన్ని పాటల్లో డ్రమ్ములే లేవు, పుల్లలతో బల్ల అంచు మీద తట్టిన చప్పుడు తప్ప. గొప్పగా పాడలేదు, పాడగలనని అనుకోనూ లేదు. కానీ ఆ పాటలు వింటుంటే ఇంట్లో పక్కగదిలో మనిషి తిరుగుతున్నట్టు ఉండేది. ఆయన కాపీ చేసి ఇచ్చిన సీడీని ఆఫీసు బస్సులో వింటూ నాలుగో పాట దగ్గరికి వచ్చాను. ఏడు దెబ్బల నడక మొదలైంది, పెరిగింది, ఏదో రాబోతున్నట్టు ఒక్కసారి తలుపు తెరిచినట్టు అయింది. ఏమీ రాలేదు. దరువు మాత్రం మెత్తగా, ఓపికగా, ఎవరికో దారి ఇస్తున్నట్టు సాగుతూనే ఉంది.

ఇంటికి వచ్చి ఇక్కడేదో తప్పిపోయినట్టుందండీ అని అడిగితే, అది అలాగే ఉండాలిలే అని కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. నాకు అర్థమైంది. ఆయనకి చెప్పకుండా మర్నాడు ఆ సీడీ తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టి, నీ బావ చేసినది, ఒక్కసారి వినమని మాత్రం అన్నాను. నాలుగో పాట సంగతి ఎత్తలేదు. వింటాడో వినడో తెలియదు, విని కూడా ఊరుకుంటే ఇక నా చేతిలో ఏమీ లేదనుకున్నాను. ఆ వారమంతా ఆఫీసులో నా పని సాగలేదు.

ఆదివారం పొద్దున్న పెసరట్లు వేస్తుంటే తలుపు చప్పుడైంది. అన్నయ్య గిటారు లేకుండా ఉత్త చేతులతో వచ్చాడు. మా ఆయన పేపరు చదువుతున్నారు. అన్నయ్య కూర్చోలేదు.

“నాలుగో పాటలో అంత చోటు వదిలేశావేం బావా?” అన్నాడు.

ఎన్నేళ్ళకో ఆ నోట బావా అనే మాట వినడం. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

“నీదే అది,” అన్నారు.

పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చేదాకా నేను కదలలేదు. అన్నయ్య కుర్చీలో కూలబడి చాలాసేపు మాట్లాడాడు. కంప్యూటరు దరువు పెట్టించిన రోజే తప్పు చేశానని తెలిసిందనీ, చెన్నైలో అంత గొప్ప డ్రమ్మర్‌తో వాయిస్తూ ప్రతి ఆవర్తనంలోనూ తడబడ్డాననీ, ఆ మనిషి సరిగ్గా కొట్టినకొద్దీ తనకి ఏదో కాలుజారినట్టు ఉండేదనీ చెప్పుకుపోయాడు. మా ఆయన తన పళ్ళెంలోని అట్టు సగం తుంచి అటు జరిపారు. గిటారు తెచ్చి ఆ చోటు నింపరాదా అని నేనే అడిగాను. అన్నయ్య ఆలోచించి, వద్దమ్మా, అలాగే ఉండనీ, విన్నప్పుడల్లా నాకు చురుక్కుమనాలి అన్నాడు. ఆల్బమ్ అలాగే బయటికి వచ్చింది. అదేమిటో తెలియనివాళ్ళకి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది, ఆ యువకుణ్ణి అనవలసిన పని లేదు.

గుట్టోళ్ళు మళ్ళీ కలిసి వాయించలేదు. పెద్దమ్మ పోయాక ఆ ఇల్లు పడగొట్టి హాస్టల్ కట్టారు, గుట్ట ఎప్పుడో పోయింది, తమ్ముడు కొంపల్లి వైపు వెళ్ళిపోయి సంగీతం పాఠాలు చెప్పుకుంటున్నాడు. మూడింటిలో ఏది గొప్పదని ఇప్పుడు నన్నడిగితే, అన్నయ్యది వింటే గర్వంగా ఉంటుంది, తమ్ముడిది వింటే కళ్ళు చెమరుస్తాయి, మా ఆయనది పని చేసుకుంటూ వింటాను, అది అయిపోయిన సంగతి కూడా చాలాసేపటి దాకా తెలియదు. అంతకన్నా మార్కులు వేయడం నాకు చేతకాదు.

ఇప్పుడు అన్నయ్యా మా ఆయనా సాయంత్రాలు దుర్గం చెరువు దగ్గర కలిసి నడుస్తారు. మోకాళ్ళ నొప్పుల గురించి, షుగరు మాత్రల గురించి, ఫ్లైఓవర్ల గురించి మాట్లాడుకుంటారు. ఒకరన్నదానికి ఇంకొకరు తలూపుతారు. ఏ విషయంలోనూ తేడా రాదు. ఇద్దరూ అలా కలిసిమెలిసి నడుస్తుంటే వెనక వస్తున్న నాకు ఎంత నిశ్చింతగా ఉంటుందో చెప్పలేను. అయినా ఒక్కోసారి, ఒక దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యమైందా లేదా అన్నదాని కోసం ఏళ్ళ తరబడి మాటలు మానుకోగలిగిన ఆ ఇద్దరు పడుచువాళ్ళు గుర్తొస్తారు. ఆ పట్టింపు వాళ్ళలో ఇప్పుడు లేదు. దానివల్ల నేను పడ్డ బాధ అంతా ఇంతా కాదు, అయినా అది ఎప్పుడు పోయిందో గమనించుకోలేదే అని లోపల ఎక్కడో దిగులుగా ఉంటుంది.