రాకపోతేనే జీతం

నరసరావుపేటలో ప్రిస్కిల్లా చేయని పని లేదు, నిలిచిన పనీ లేదు. జిన్నింగు మిల్లు, బడిలో ఆయా, టిఫిన్ బండి దగ్గర అంట్లు, అన్నీ అయ్యాయి. కూతురు ఎలిజబెత్‌కి తలసీమియా. మూడు వారాలకోసారి గుంటూరు తీసుకెళ్లి రక్తం ఎక్కించాలి. మొగుడు మిరప బస్తాలు మోసే కూలి. అతను వెళ్తే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకని ఆమే వెళ్లేది. తిరిగొచ్చేసరికి పనిలో ఇంకొకరు ఉండేవాళ్లు. "పాపని చూస్తే కడుపు తరుక్కుపోతుందమ్మా" అని చెప్పి మరీ మానిపించేవాళ్లు. ఆ జాలి మాటలంటే నాకు ఒళ్లు మంట.

చివరికి త్రికోటేశ్వరరావు బట్టల కొట్లో చేరింది. ఆ కొట్టు అరుగు మీదే నా కుట్టుమిషను. ఆమె మొదటిసారి గుంటూరు వెళ్లిన రోజే తీసేద్దామనుకున్నాడాయన. తీరా ఆ రోజే పెళ్లివాళ్లెవరో వచ్చి బీరువాలు ఖాళీ చేశారు. రెండోసారీ అంతే. బల్లి పడితే కొట్టంతా కడిగించే మనిషి కదా, ఇంకేముంది, పాపకి రక్తం ఎక్కించిన రోజున బేరం బ్రహ్మాండమని తేల్చేశాడు.

ఆనాటి నుంచి గుంటూరు వెళ్లిన రోజుకి జీతం కోత లేదు. పైగా బస్సు చార్జీలు ఆయనవే.

శ్రావణ శుక్రవారం ముందు రోజు ఆయన పిలిచి, "ఏమే, రేపు గుంటూరు పో" అన్నాడు.

"మొన్ననే ఎక్కించుకొచ్చామండీ."

"అయితే ఏంది? పిల్లదానికి ఇంకాస్త ఎక్కితే పోయేదేముంది? రేపు చానా ముఖ్యం. పోకపోతే ఇక కొట్టుకి రామాక."

ప్రిస్కిల్లా ఏం చేస్తుంది? పాపని తీసుకుని సాగర్ బస్సెక్కింది. నీళ్లొదిలిన డ్యామ్ గేట్లు చూపించి తీసుకొచ్చింది. బస్సెక్కింది మొదలు ఆ పిల్ల చెయ్యి చాపుకునే కూర్చుందట. ఇవాళ సూది లేదంటే నమ్మలేదట.

ఇక్కడ కొట్లో ఈగలు తోలుకున్నాం. ఒక్క జాకెట్ ముక్క పోలేదు. మర్నాడు పాపని కూడా వెంటబెట్టుకు రమ్మని ఫోన్ చేశాడు త్రికోటేశ్వరరావు. ఇద్దర్నీ గుమ్మంలోనే ఆపాడు.

"నిజం చెప్పు. నిన్న రక్తం ఎక్కించావా లేదా?"

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఎలిజబెత్ ముందుకొచ్చి, గౌను చెయ్యి పైకి మడిచి, పాత సూది మచ్చ చూపించింది.

"ఎక్కించారు తాతా. నిన్న సగం సీసానే ఉందంట."

త్రికోటేశ్వరరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అదీ సంగతి. వచ్చే శుక్రవారం మళ్లీ పోండి. నిండు సీసా ఎక్కించమని నా మాటగా చెప్పు" అన్నాడు.

ఏడేళ్ల పిల్ల. తల్లి కూడు నిలబెట్టడానికి అంత నేర్చుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆయన్ని కత్తెర పెట్టి పొడవాలనీ అనిపించింది. తల్లి లోపలికి వెళ్లి చీరలు మడతపెట్టడం మొదలెట్టింది. ఎలిజబెత్ నా మిషను పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మామయ్యా, శుక్రవారం దాకా ఆ గేట్లు మూయరు కదా?"