సూర్యుడి రెండు అంచులు

మాది పర్సుడీహ్‌లో కిరాణా కొట్టు. చేతికందిన ప్రతిదాన్నీ కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి చూడటం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. ఓసారి టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూములో, నాకు చోటివ్వడానికి పక్కాయన తన చెక్కపెట్టె జరపబోతుంటే నేనే అందుకుని ఊపాను. లోపల ఏదో గలగలమంది.

"ఊపేత్తన్నావేటి బాబూ! గాజుపలక అది. ఇన్నాళ్ల కష్టం!"

పగిలితే ఏం చెప్పి తప్పించుకోవాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన పెట్టె తెరిచాడు. పలక పగల్లేదు, చప్పుడు చేసింది భూతద్దం. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

ఆ సంతోషంలో పలకను కిటికీ వెలుగుకు పట్టి, భూతద్దం నా చేతికిచ్చాడు. సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసి తీసిన ఫోటో అట, ఒకదాని కింద ఒకటి రెండు పట్టీలు. పైది సూర్యుడి తూర్పు అంచు వెలుగు, కిందది పడమటి అంచుది అన్నాడు. రెండింట్లోనూ సన్నటి గీతలు.

"పై గీతలు ఊదా వైపు జరిగాయి. ఆ అంచు మనకేసి వత్తంది. కిందవి ఎరుపు వైపు, ఆ అంచు పోతంది. ఎంత జరిగాయో కొలిత్తే సూర్యుడెంత జోరుగా తిరుగుతన్నాడో తెలుత్తాది."

"మరి ఈ గీత జరగలేదేటి మాస్టారూ?" బేరగాడి కన్ను ఊరుకోదు.

"అది మన గాలి గీసింది బాబూ. సూర్యుడితో తిరగదు. దాన్ని పట్టుకునే మిగతావి కొలుత్తాం."

బండి వచ్చింది. జనంలో ఎక్కబోతూ ఆయన పెట్టె నా చేతుల్లో పెట్టాడు.

"కాసేపు పట్టు. ఊపకు."

ఆయన తలుపు దగ్గర నిలబడి చేతులు చాపేదాకా నేను గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.