సాన్ ఎలోయ్‌లో ఏడు గంటలు

వంతెన దిగి మా సాన్ ఎలోయ్‌లో అడుగుపెట్టే ఏ గ్రింగోకైనా, అంటే అవతలి ఒడ్డు అమెరికావాడికైనా, మొదట ఎదురయ్యేది ఫిదెన్సియో ఓల్గిన్. అరవై నాలుగేళ్ళ మనిషి. గడ్డి టోపీ, ఇస్త్రీ చొక్కా, మెడలో తనే రాసుకున్న గైడు అట్టముక్క. పదహారేళ్ళప్పుడు నది దాటి అవతలి ఒడ్డున ఉల్లి పొలాల్లో నడుం వంచాడు. ఆ నడుం మళ్ళీ పూర్తిగా నిలబడలేదు. అక్కడ ఏరుకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలే పెట్టుబడిగా నలభై దాటాక ఈ పనిలోకి దిగాడు. పళ్ళు కట్టించుకోవడానికీ, కళ్ళజోళ్ళకీ, చవక మందులకీ వచ్చేవాళ్ళని వెంటేసుకుని ఊరంతా తిప్పుతాడు. మన చర్చి ఎన్నేళ్ళదని అడిగితే ఒకరికి రెండొందలంటాడు, ఇంకొకరికి మూడొందలంటాడు. వాళ్ళూ తలలూపి ఫోటోలు తీసుకుంటారు. ఎవరి సొమ్మేం పోయింది?

ఎవరిని తిప్పినా చివరికి తీసుకొచ్చి నిలబెట్టేది మాత్రం దొమితీలా దుకాణం ముందే. ఊరి నడుమ ప్లాజాకి ఉత్తరం పక్కన బల్ల వేసుకుని చీజ్ అమ్ముతుంది ఆవిడ. భర్త పోయి పన్నెండేళ్ళయింది. ఫిదెన్సియో భార్య పోయి తొమ్మిదేళ్ళు. వేడి తోర్తియా రొట్టె మీద చీజ్ ముక్క కరిగించి ఇస్తే గ్రింగోలు కళ్ళు మూసుకుని తింటారు. వాళ్ళకన్నా ముందు ఈయన మూసుకుంటాడు. రోజూ తినేదే కదా, ఇవాళ కొత్తగా ఏముంది అని ఊరు నవ్వుకునేది. మూడేళ్ళు నవ్వింది. క్రిస్మస్ ముందు ఒకరోజు ఆయన గుండె చిక్కబట్టుకుని ఆవిణ్ణి అడిగేశాడు. ఆలోచించుకోవాలంది దొమితీలా. మూడు నెలలు ఆలోచించింది. ఆయన ఆ మూడు నెలల్లో చిక్కి సగమయ్యాడు.

మార్చిలో ఒక గురువారం చీజ్ కోస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆదివారం ఏడింటికి ప్లాజాలో ఒక చుట్టు నడుస్తాను, దోన్ ఫిదెన్సియో. మీరు పువ్వుతో వస్తే సరే. రెండో చుట్టు మాత్రం నావల్ల కాదు, ఈ మోకాలు ఒప్పుకోదు."

మా ఊళ్ళో ఆదివారం సాయంత్రం ప్లాజా చుట్టూ నడవడం మా తాతల నాటి మాట. ఆడవాళ్ళు ఒక దిక్కుగా తిరుగుతారు, మగవాళ్ళు ఎదురు దిక్కుగా. మగవాడు ఆగి పువ్వు ఇస్తాడు. ఆమె అది తీసుకుని వెనక్కి తిరిగి అతని పక్కన నడిచిందంటే ఇక ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, ఫాదర్‌తో సహా. కుర్రకారు ఇప్పుడు ఫోన్లలోనే తిరుగుతున్నారు గానీ పెద్దవాళ్ళకి ఇప్పటికీ అదే పద్ధతి. ఫిదెన్సియో ఆ రోజు ఇద్దరు గ్రింగోలకి చర్చి వయసు అయిదొందలని చెప్పాడట.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఆ ఆదివారంతోనే వచ్చింది. ఏటా మార్చిలో ఒక ఆదివారం అవతలి ఒడ్డువాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుకుంటారు. మన రాష్ట్రమంతా ఆ పిచ్చి ఏనాడో మానేసింది. సరిహద్దులో ఉన్న పాపానికి మనం మాత్రం వాళ్ళతో పాటు తిప్పాలి. వంతెన, మునిసిపాలిటీ, బడి తిప్పుతాయి. చర్చి తిప్పదు, చుట్టుపక్కల పల్లెలు తిప్పవు. అందుకని అక్టోబరు దాటేదాకా మా ఊళ్ళో రెండు టైములు నడుస్తాయి, వంతెన టైము, దేవుడి టైము. సాయంత్రం నడకలోనూ అంతే. కొందరు ముందొస్తారు, కొందరు గంట తర్వాతొస్తారు, ఎవరి ఏడు వాళ్ళది. ఏడాదికేడాదీ పెళ్ళివిందులకి వెళ్ళి ఖాళీ గిన్నెలు చూసొచ్చినవాళ్ళం, అయినా మాకు బుద్ధి రాదు.

ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు దగ్గరికి ఆరుగురు గ్రింగోలని తీసుకెళ్తుండగా ఫిదెన్సియోకి ఒక్కసారి తట్టింది, ఏ ఏడు? ఫోను తీసి చూశాడు. అది ఇంకా తెలివైనది. వంతెన దగ్గర అవతలి ఒడ్డు టవరు పట్టుకుని పదకొండు అంది, చర్చి వెనక్కి రాగానే పది అంది. మంగలిని అడిగితే మునిసిపాలిటీ గడియారం పొద్దున్నే తిప్పిన చెయ్యి తనదే కనక వంతెన టైమే అన్నాడు. ఫాదర్‌ని అడిగితే ఆదాము నాటి నుంచీ సూర్యుడు మారలేదు, మేమూ మారం అన్నాడు. ఎందుకడుగుతున్నావని ఇద్దరూ అడిగారు. ఊరికే అన్నాడు.

పోయి ఆవిణ్ణే అడిగితే పోయేది. అదీ అనుకున్నాడు. కానీ ఆదివారం దుకాణం ఉండదు, ఇంటికెళ్ళాలి. మూడు నెలలు ఆలోచించి ఒక మాట చెప్పిన మనిషి గుమ్మంలో నిలబడి, ఇంతకీ మీరన్నది ఏ ఏడండీ అంటే, ఈ మాత్రం తెలీనివాడికా నేను సరేనన్నది అనుకోదూ? సిగ్గేసింది. అందుకని తనే తేల్చుకోబోయాడు. గ్రింగోలకి చీజ్ అమ్ముతుంది గనక వంతెన టైము అనిపించింది. రోజూ జపమాల తిప్పుతుంది, ఈస్టరు ముందు నలభై రోజులూ మాంసం ముట్టదు గనక దేవుడి టైము అనిపించింది. మధ్యాహ్నానికి మూడుసార్లు అటూ ఇటూ అయ్యాడు. చివరికి దేవుడి వైపే మొగ్గాడు. అంత భక్తురాలు ప్రభుత్వం చెప్పిందని గడియారం ముల్లు ముట్టుకుంటుందా? ఆవిడ టైముకే తను వెళ్ళడం మర్యాద. రెండు టైములకీ వెళ్ళి కూర్చోవచ్చన్న సంగతి ఆ బుర్రకి తట్టలేదు. ప్రేమలో పడ్డ ముసలాడి బుర్ర అంతే.

చర్చి గంట ఏడు కొడుతుండగా, తెల్ల కార్నేషన్ పువ్వు పట్టుకుని ప్లాజాలోకి వచ్చాడు. ఎండ చెట్ల కొసల మీద ఉంది. పల్లెలవాళ్ళు అప్పుడే నడక మొదలుపెడుతున్నారు. మునిసిపాలిటీ గడియారంలో ఎనిమిదయింది. ఆడవాళ్ళ వరసంతా వెతికాడు, దొమితీలా లేదు. మూలమీద మొక్కజొన్న పొత్తులమ్మే నాచా ఆయన్ని చూసి గరిటె కింద పెట్టింది.

"ఇప్పుడా రావడం? ఆవిడ గంట కిందటే వచ్చి వెళ్ళిపోయింది."

నాచా మిగతాది మెల్లగా చెప్పింది. నీలం గౌను వేసుకొచ్చిందట, మడమ ఎత్తు జోళ్ళు కూడాను. నడిచేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. ప్రతి మూలా ఆగి చూస్తూ, కుంటుతూ, చుట్టు మొత్తం ఒక్కతే తిరిగిందట. తర్వాత బెంచీ మీద కాసేపు కూర్చుంది. ఎవరికోసమని బూట్లు తుడిచేవాడు అడిగితే, గాలి కోసమని చెప్పిందట.

"ఆవిడ దేవుడి టైము మనిషి కదా," అన్నాడు ఫిదెన్సియో.

"నేనూ ఆవిడతో అదే అన్నాను. ఆయన వంతెన మీద బతికే మనిషి, ఆయన ఏడుకే నేనూ వచ్చాను అంది."

ఫిదెన్సియోకి అప్పుడర్థమయింది. తనకోసం ఒక మనిషి దేవుడి గడియారాన్ని కూడా పక్కన పెట్టింది, తను మాత్రం ఒక్క మాట అడగలేకపోయాడు. ఆయన నడుం బాధ మర్చిపోయి, రెండు వీధులు దాదాపు పరుగెత్తినట్టే వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. దొమితీలా లోపల వసారాలో కుర్చీ వేసుకుని, వేడినీళ్ళ తొట్టిలో కాలు పెట్టుకుని కూర్చుంది. నీలం గౌను ఇంకా మార్చలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన టోపీ తీసి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫోను గురించీ, ఫాదర్ గురించీ, మంగలి గురించీ ఏదేదో చెప్పుకొచ్చాడు. ఆవిడకి అందులో సగం అర్థం కాలేదు. చెప్పేవాడికీ కాలేదు.

"అడిగి ఉండాల్సింది. సిగ్గుపడ్డాను," అన్నాడు చివరికి.

"ఊరందరి ముందూ ఒక్కదాన్నే తిరిగాను, దోన్ ఫిదెన్సియో. మా ఆయన్ని పాతిపెట్టిన రోజు కూడా నాకు నా ఒంటరితనం అంత కనబడలేదు."

ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఆవిడ తొట్టిలో నీళ్ళు కాలితో కదిపింది.

"ఇక నాతో గంటలు చెప్పించుకోకండి. వచ్చి తలుపు కొట్టండి. మీరు కొట్టినప్పుడే ఏడు."

ఫిదెన్సియో టోపీ పెట్టుకున్నాడు. బయటికి నడిచి తలుపు వేశాడు. వీధిలో నిలబడి ఊపిరి తీసుకున్నాడు. కోపం తగ్గాక రమ్మందో, ఇవాళే అందో, ఇక రావద్దనడానికే మర్యాదగా అలా అందో ఆయనకి ఏమీ తెలియలేదు. పువ్వుని ఎడమ చేతిలోకి మార్చుకుని, మూడుసార్లు తలుపు కొట్టాడు.

లోపల చప్పుడు లేదు. తప్పు చేశానా అనుకుంటూ వెనక్కి ఒక అడుగు వేశాడు. అప్పుడు నీళ్ళు కదిలిన చప్పుడు, తొట్టి నేలమీద జరిపిన చప్పుడు వినిపించాయి.

"ఉండండి," అంది దొమితీలా లోపలినుంచి, "కాలు తుడుచుకుంటున్నాను."