బక్లావా చేద్దామని గూడెం వెళ్ళాను

మా అక్కయ్య ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి నెల దాటినా అన్నం ముట్టడం లేదు. రెండు చెంచాల మజ్జిగన్నం తిని పళ్ళెం జరిపేస్తోందని బావగారు ఫోన్లో చెప్పారు. తర్వాత అక్కయ్యే ఫోన్ తీసుకుని, "ఏదో వీడియోలో బక్లావా చూశానురా, తినాలనుంది" అంది. అందుకే వాళ్ళుండే తాడేపల్లిగూడెం బయల్దేరాను. ఇంకో కారణమూ ఉంది, దాచను. రిటైరయ్యాక బావగారు ఇస్తాంబుల్ వెళ్ళొచ్చారు. అప్పట్నుంచి ఏ పెళ్ళిలో కలిసినా ఆ మిఠాయి గురించి నాకు పాఠం చెబుతారు. ఆయన అక్కడ తిన్నవి రెండు ముక్కలు. నేను టర్కీ చరిత్ర లావుపాటి సంపుటాల్లో చదివినవాణ్ణి. ఎవరికి ఎక్కువ తెలుసో తేల్చుకోవాలనుకున్నాను.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళేవాళ్ళు పొద్దుటి ప్యాసింజరు ఎక్కండి. గంట పైచిలుకు ప్రయాణం, టిక్కెట్టు ప్లేటు ఇడ్లీ కంటే చవక. కుడివైపు కూర్చుంటే కొల్లేటి అందాలు కనిపిస్తాయని బ్లాగుల్లో రాస్తుంటారు. రాసినవాళ్ళు ఈ రైలు ఎక్కారో లేదో అనుమానమే. కనిపించేవి చేపల చెరువులు, కర్రలకి వేలాడే మేత సంచులు. కొల్లేరు చూడాలంటే ఏలూరు నుంచి కొల్లేటికోట దారి పట్టాలి.

బక్లావాకి కాగితమంత పల్చటి పొరలు కావాలి. మైదాతో కుస్తీ ఎందుకు, మన పూతరేకులున్నాయి కదా అనుకున్నాను. స్టేషన్ బయట మిఠాయి కొట్టులో ఒట్టి రేకుల కట్ట కొని, ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను.

"ఒట్టి రేకులు కొన్నారేంటండీ? చుట్టినవే తీసుకోవాల్సిందండీ" అన్నాడు డ్రైవరు.

"వీటితో టర్కీ మిఠాయి చేస్తానయ్యా."

"వాళ్ళకి రేకులు దొరకవాండీ, పాపం!"

బావగారు అప్పటికే జీడిపప్పు దంచి సిద్ధంగా ఉన్నారు. రేకులు చూసి ముఖం చిట్లించారు.

"ఇస్తాంబుల్లో ఇలా ఉండదయ్యా."

"అక్కడ మీరు వంటింట్లోకి వెళ్ళారా బావగారూ?"

"నువ్వు ఊరే దాటలేదు కదయ్యా!"

మాటామాటా అనుకుంటూనే రేకు మీద రేకు పరిచి, నెయ్యి రాసి, మధ్యలో జీడిపప్పు పొడి చల్లాం. గాస్కెట్టు, విజిల్ తీసేసిన కుక్కర్లో ఇసుక పోసి, పళ్ళెం అందులో పెట్టి కాల్చాం. అంచులు ఎర్రబడ్డాయి. బావగారు వంగి చూసి తలాడించారు. ఆ గర్వంతోనే గరిటెడు వేడి పాకం పోశాను.

రేకులు తడిబట్ట తగిలితేనే మెత్తబడతాయని గోదావరి జిల్లాల్లో ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. పాకంలో నీళ్ళుంటాయన్నదే తట్టలేదు. చూస్తుండగానే పొరలన్నీ కలిసి ముద్దయిపోయాయి.

"పుస్తకంలో ఇలాగే ఉందా?" అని బావగారు నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండి గరిటె విసిరాను.

ఆ చప్పుడుకి అక్కయ్య గోడ పట్టుకుని వచ్చింది. "ఏవండీ, వాణ్ణి ఏడిపించకండి" అంటూనే చెంచాతో కాస్త తీసి నోట్లో పెట్టుకుంది. మళ్ళీ తీసింది. గిన్నె తెమ్మంది. బావగారు తెచ్చిచ్చారు.

"మందులకి నోరంతా పూసిందిరా. ఇది హాయిగా దిగుతోంది."

"మరి కరకరలాడే బక్లావా ఎందుకు అడిగావే?"

"చూడ్డానికి బావుందని అడిగాను. అది గట్టిగా ఉంటుందని నాకేం తెలుసు?"

గిన్నె ఖాళీ అయింది. బావగారు కిందపడ్డ గరిటె తీసి కడిగారు. నా వైపు చూడకుండా, "రేపు కూడా ఉండి ఇలాగే తగలెయ్యవయ్యా" అన్నారు.

ఉన్నాను. ఆయన దేశం తిరిగారు, నేను పుస్తకాలు తిరగేశాను. నోరు నొప్పిగా ఉందా అని మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. నెలంతా ఆవిడ ముందు అన్నం పెట్టి ఆయన, ఫోన్లో నేను, తినడం లేదని విసుక్కున్నాం. మా పంచాయితీ తేలలేదు. తేల్చుకునే తొందరా ఇప్పుడు లేదు.

మీరూ చేసుకునేట్టయితే ఒక్క మాట. పూతరేకుల మీద వేడి పాకం పోయకండి, పొర నిలవదు. నమల్లేని మనిషి కోసమైతే వేడిగానే, ధారాళంగా పోయండి.