నీలం చొక్కా బొమ్మ

మా ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ కోడిగుడ్డు మేస్త్రీ అంటారు. ఆ పేరెలా వచ్చిందో నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే మా ఇంటికి ఎవరొచ్చినా మా తమ్ముడు కూర్చోబెట్టి మరీ చెబుతాడు. ఇరవై ఏళ్ళ కిందట క్రేను మీద ఈయన కొత్తట. రెండు టన్నుల ఇనప పలకను దించి, కింద పెట్టిన కోడిగుడ్డుకు ఆనించి, గుడ్డు చిట్లకుండా ఆపగలవా అని ఎవరో ఎగతాళి చేశారట. ఈయన ఆపారు. సాయంత్రం ఆ గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టి, దాచమన్నారు. దాచడానికి అదేమన్నా వజ్రమా? ఉడకేసి పెట్టాను. ఆ విషయం ఇప్పటికీ దెప్పుతారు.

మా తమ్ముడిది ఆ క్రేను కిందే పని. పలకలకు గొలుసులు తగిలించి, చెయ్యెత్తి సైగ చేస్తే పైన క్యాబిన్లో ఈయన ఎత్తి, గూడ్సు వ్యాగన్లో దించుతారు. పదహారేళ్ళుగా పైన ఈయన, కింద వాడు. "నా ప్రాణం బావ చేతిలో ఉందక్కా" అని వాడు పకపకా నవ్వేవాడు. వాడితోపాటు నేనూ నవ్వేదాన్ని.

ఇక ఆ రైలు సంగతి. నాలుగేళ్ళ కిందట ఈయనకు బొమ్మ రైలు పిచ్చి పట్టింది. అందరిలా కొండలూ సొరంగాలూ పెట్టుకుంటే సరే అనుకుందును. ఈయనకు కావలసింది అచ్చం వాళ్ళ ఫ్యాక్టరీ. రోజంతా ఆ దుమ్ములో గడిపి, ఇంటికొచ్చి మళ్ళీ అదే దుమ్మా? నెత్తీనోరూ కొట్టుకున్నా వింటేగా. నా కుట్టుమిషన్ని గదిలోంచి వసారాలోకి తోసేసి, పాత తలుపు రెక్కలు రెండు బల్లల మీద పరిచారు. బిస్కెట్ డబ్బా బొగ్గు బంకరయింది. నా జడపిన్నులు దీపస్తంభాలయ్యాయి. నా దారపు కండె క్రేనుకెక్కి కూర్చుంది. దాన్ని వేళ్ళతో తిప్పితే దారం దిగి, పిన్నీసు కొక్కెం అరచేతంత రేకును ఎత్తేది. పట్టాల పక్కన మట్టికి టీ డికాషన్ పట్టించారు, తుప్పు రంగు రావాలని. ఒకసారి నేను మంచిదాన్ని కదా అని తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచాను. వారం రోజులు మాట్లాడలేదు మహానుభావుడు.

వేలిగోరంత మనుషులు పదకొండు మందిని తెచ్చి, భూతద్దం కింద ఒక్కొక్కరికీ రంగులు వేశారు. అందులో నీలం చొక్కావాడు మా తమ్ముడు. వాడికి చొక్కా జేబు కూడా గీశారు. ఆ రోజుల్లో ఆయన చెయ్యి అలాంటిది. వాణ్ణి సరిగ్గా క్రేను కింద నిలబెట్టి, "చూడు, నీ తమ్ముడు ఇక్కడా పని ఎగ్గొట్టి నుంచున్నాడు" అన్నారు.

పోయిన ఏడాది నుంచీ ఆ రైల్లో మార్పులు మొదలయ్యాయి. వ్యాగన్ల మధ్య సన్నటి తీగ కొక్కేలు తనే వంచి చేసుకున్నవి. అవన్నీ పీకేసి అయస్కాంతాలు పెట్టారు. దగ్గరికి తోస్తే చాలు, టక్కున అతుక్కుంటాయి. క్రేను దారం తిప్పడానికి చిన్న మోటారు, దానికో స్విచ్చి వచ్చాయి. నాకేం తెలుసు, భలే మెరుగుపరిచారనుకున్నాను. పక్కింటావిడను పిలిచి మరీ చూపించాను. నీలం చొక్కావాణ్ణి కూడా క్రేను కింద నుంచి తీసి, దూరంగా వ్యాగన్లు తూచే కాటా దగ్గర జిగురు పెట్టి అతికించారు. "ఏం, నా తమ్ముడికి ప్రమోషన్ ఇచ్చారా?" అంటే మాట దాటేశారు.

అప్పటికైనా నా బుర్రకు తట్టాలి కదా. తలుపేసుకుని గంటలు గంటలు గదిలో కూర్చుంటున్నా, టీ సగం గ్లాసే పొయ్యమంటున్నా, చొక్కా గుండీలు నన్ను పెట్టమంటున్నా, ముచ్చటపడ్డానే గానీ అనుమానం రాలేదు. ఈ వయసులో గారాలు పోతున్నారనుకున్నాను, నా మొహం!

ఒక గురువారం ఇద్దరూ పొద్దుటి షిఫ్టుకి వెళ్ళారు. నా కత్తెర కోసం ఆ గదంతా వెతుకుతుంటే బల్ల కింద ఒక డబ్బా దొరికింది. నిండా పాత కొక్కేలు. కొన్ని విరిగినవి, కొన్ని వంకర్లు పోయినవి, కొన్ని కోపంగా నలిపి పారేసినట్టున్నవి. బాగున్నవి రెండు తీసి, ఒకదానికొకటి తగిలించి చూశాను. నాకు ఒక్కసారికే తగిలింది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు వెతుక్కునే దాన్ని నేను. నాకే తగిలితే ఆయనకెందుకు తగల్లేదు?

సగం గ్లాసు టీ, గుండీలు, అయస్కాంతాలు, స్విచ్చి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆయన చెయ్యి వణుకుతోంది. ఆ చేతి కింద, ఆ నిమిషానికి, నా తమ్ముడున్నాడు.

గడియారం చూస్తే పది. షిఫ్టు దిగేది రెండింటికి. ఎవరికి చెప్పను, ఏమని చెప్పను? ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, మా ఆయన్ని దింపెయ్యండి అననా? పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా పట్టలేదు. రెండింటికి సైరన్ మోగింది. రెండున్నరకి తమ్ముడి స్కూటరు గేటు ముందు ఆగింది. వెనక సీటు మీద నుంచి ఈయన దిగారు. "అక్కా, టీ వద్దులే, పనుంది" అని వాడు అరుస్తూ వెళ్ళిపోయాడు. వాడి రెండు చేతులూ రెండు కాళ్ళూ చూసుకుని గేటు పట్టుకుని నిలబడిపోయాను.

లోపలికి రాగానే డబ్బా ఆయన ముందు బోర్లించాను.

"తగిలించండి. నా ముందు ఒక్కటి తగిలించండి చాలు."

ఆయన రెండు కొక్కేలు తీసుకున్నారు. బల్ల మీద టకటకమని చప్పుడు. తగల్లేదు.

"క్రేనులో పిడి లావుగా ఉంటుందే. అక్కడ తెలీదు," అన్నారు మెల్లిగా.

"కింద ఉన్నది నా తమ్ముడండీ!"

"వాడు నాకు తమ్ముడు కాదా? శనివారం మాకు వైద్య పరీక్ష ఉంది. డాక్టరు ఒక్కమాట అంటే ఆ క్షణమే దిగిపోతాను, ఒట్టు. అప్పటిదాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వాడికి మాత్రం చెప్పకు."

పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆయన నన్ను ఏదీ అంతలా బతిమాలలేదు. క్రేను దిగితే ఈయన కోడిగుడ్డు మేస్త్రీ కాదు, ఎవరూ కాదు. అది నాకూ తెలుసు. సరే అన్నాను. ఆ సరే అన్న మాట ఇంకా నా గొంతులోనే ఉంది.

శుక్రవారం నేను ఎలా బతికానో నాకే తెలుసు. బయట ఏ చప్పుడైనా ఉలిక్కిపడ్డాను. అంబులెన్సు కూత వినబడితే చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తాను. అది ఆసుపత్రి వైపు నుంచి ఖాళీగా వెళుతోంది. రెండున్నరకి స్కూటరు వచ్చాకే గుక్కెడు నీళ్ళు తాగాను.

శనివారం ఆయన చీటీ పట్టుకొచ్చారు. పాసయ్యారు. నాకు ఏడుపొచ్చింది. మనిషికి మంచి జరిగితే ఏడవడమేంటి?

"ఎలా పాసయ్యారండీ?"

"రెండు చేతులూ చాపమంటాడు. పది సెకన్లు. పది సెకన్లు ఆపగలను." అటు తిరిగి చొక్కా విప్పుకుంటూ అన్నారు. "గదిలో రోజూ అదే చేశాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపేసుకున్నన్ని గంటలూ రైలు నడపలేదన్నమాట. పదంకెలు లెక్కపెట్టుకుంటూ గాల్లోకి చేతులు చాపి కూర్చున్నారన్నమాట. సోమవారం షిఫ్టుకి ముందు మీరు చెప్పకపోతే నేనే చెబుతానని తెగేసి చెప్పాను. ఆయన అన్నం కలుపుకుని, కలుపుకుని, అలాగే వదిలేశారు.

ఆదివారం మధ్యాహ్నం, పిలవకుండానే, తమ్ముడు ఊడిపడ్డాడు. "బావ పాసయ్యాడంటగా! నా ప్రాణానికి ఇంకో ఏడాది గ్యారంటీ!" అంటూ తిన్నగా రైలు గదిలో దూరాడు. వాడికా గదంటే మహా సరదా. స్విచ్చి నొక్కాడు, వ్యాగన్లు తోశాడు, అంతలో ఆగాడు.

"నా బొమ్మేది బావా? ఓరి నీ, కాటా దగ్గర నిలబెట్టావేంటి! అక్కడ నాకేం పని?"

గోరుతో జిగురు గీకి, బొమ్మను పీకి, క్రేను కింద పెట్టాడు. ఎక్కడ రోజూ వాడు నిలబడతాడో సరిగ్గా అక్కడ. పైన పిన్నీసు కొక్కేనికి రేకు వేలాడుతోంది.

"ఊఁ, దించు బావా."

ఈయన చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది. వెనక్కొచ్చింది.

"వాణ్ణి అక్కణ్ణించి తియ్యరా."

"బొమ్మే కదా!"

"తియ్యమన్నానా!" అని అరిచారు. ఆయన గొంతు అలా లేవడం మేమిద్దరం ఎప్పుడూ వినలేదు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపారు. "లెక్కపెట్టు."

తమ్ముడు ఇంకా నవ్వుతూనే లెక్కపెట్టాడు. పది దాకా చేతులు రాతిలో చెక్కినట్టున్నాయి. "ఇంకేం, సూపర్!" అన్నాడు.

"ఆపకు. లెక్కపెట్టు."

పదకొండు. పన్నెండు. పదమూడుకి చిటికెన వేళ్ళకు వణుకు అందుకుంది. పదహారుకి మోచేతుల దాకా పాకింది. తమ్ముడు ఇక లెక్కపెట్టలేదు. ముందుకొచ్చి ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. ఈయన తల వంచుకుని ఏడ్చేశారు.

ఆ చేతులు వదలకుండానే వాడు నా వైపు తిరిగాడు.

"అక్కా, నీకు తెలుసా?"

తలూపాను.

"ఎప్పట్నించి?"

"గురువారం."

"శుక్రవారం నేను కిందే ఉన్నాను కదక్కా," అన్నాడు.

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నాకూ నోరుంది, ఏదో ఒకటి అనేదాన్ని.

సోమవారం ఈయన షిఫ్టుకి ముందే వెళ్ళి ఇన్‌చార్జికి చెప్పి, క్యాబిన్ తాళం బల్ల మీద పెట్టి వచ్చారు. ఇప్పుడు స్టోర్సులో హెల్మెట్లూ చేతి తొడుగులూ ఇచ్చే పని. వణుకు దాచుకోవడం మానేశారు. టీ నిండు గ్లాసే తాగుతున్నారు, కొంచెం ఒలుకుతుంది, తుడుస్తాను. తమ్ముడు మునుపటిలాగే వస్తాడు, కోడిగుడ్డు కథ చెబుతాడు, బావతో కలిసి రైలు నడుపుతాడు. నన్ను అక్కా అనే పిలుస్తాడు.

నీలం చొక్కా బొమ్మను మాత్రం వాడు ఆ ఆదివారం వెళుతూ వెళుతూ జేబులో వేసుకుపోయాడు. మళ్ళీ తెచ్చి పెట్టలేదు. ఇవ్వరా అని నేనూ అడగలేదు.