అల్లుడుగారి పాయింట్లతో పురిటి ప్రయాణం

"డబ్బు కాదమ్మా, పాయింట్లు! ఎన్నిసార్లు చెప్పాలి? బావ జేబులోంచి రూపాయి కూడా కదలదు."

"డబ్బు కానిదానికి విమానంలో సీటెవడిస్తాడ్రా? ఆ విమానం వాడేమన్నా నీకు మేనమామా?"

"కార్డు వాడినందుకు బ్యాంకు వాళ్ళే ఇస్తారమ్మా. ఊరికే."

"ఊరికే ఇచ్చేవాడు లెక్క పెట్టి ఇవ్వడు. ఇన్ని అని లెక్కుందంటే అది డబ్బే. పేరు మార్చినంత మాత్రాన నాకు తెలీదనుకోకు."

"అయితే వెళ్ళకు. హాయిగా ఇక్కడే కూర్చో. అది ఒక్కత్తీ ఆస్పత్రికి పోతుందిలే."

ఆ చివరి మాటకి చేతిలోని చేట కింద పెట్టేశాను. అన్నది మా అబ్బాయి. కొత్తపేటలో నీళ్ళ మోటార్ల దుకాణం వాడిది. అప్పుడే దుకాణం కట్టేసి వచ్చి, కాళ్ళన్నా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని నాతో వాదానికి దిగాడు. ఆస్పత్రికి ఒక్కత్తీ పోతుందని వాడన్నది మా అమ్మాయి గురించి. మస్కట్‌లో నర్సు. నెలలు నిండుతున్నాయి. తొలిచూలు.

తొలి పురుడు పుట్టింటి వాళ్ళు పొయ్యాలి. మా అమ్మ నాకు పోసింది, నేను మా అమ్మాయికి పొయ్యాలి. ఏడో నెలలో తీసుకొద్దామనుకుంటే దానికి సెలవు దొరకలేదు. సెలవు దొరికేసరికి బీపీ వచ్చింది, విమానం ఎక్కొద్దన్నారు డాక్టరమ్మగారు. పిల్ల రాలేనప్పుడు తల్లి వెళ్ళాలి కదా. పాస్‌పోర్టు తీయించారు, వీసా అయింది. ఇంక టికెట్టే. ఆ టికెట్టు తీస్తాను తీస్తాను అని మా అబ్బాయి పది రోజులు నాన్చాడు. బళ్ళకి సెలవులిచ్చే రోజులు దగ్గరపడ్డాయి, గల్ఫు విమానాల ధరలు పూటకోలాగ పెరుగుతున్నాయి. ఇంకా ఆలస్యమైతే నేను వెళ్ళే లోపల కాన్పు అయిపోతుందేమోనని నా భయం. ఆ భయంలో నేనుంటే, ఆ సాయంత్రం వాడు వచ్చి చల్లగా చెప్పిన సంగతి ఇది: బావ దగ్గర కార్డు పాయింట్లున్నాయి, వాటితో టికెట్టు చేస్తాడట.

నాకు మొదటి అనుమానం మా వాడి మీదే. తన చేతి ఖర్చు తప్పించుకోవడానికి అల్లుడి నెత్తిన వేస్తున్నాడని. రెండో అనుమానం రాజోలులో ఉన్న మా వియ్యపురాలి మీద. ఆవిడ ఎవరి పెళ్ళికి వెళ్ళినా, "మా వాడు టికెట్టు తీస్తేనే గానీ పురిటికి కదల్లేకపోయేరండీ పాపం" అనగల మనిషి. నవ్వుతూనే అంటుంది. అందుకే భయం.

ఇక కార్డు మీద అనుమానం ఈనాటిది కాదు. మా ఇంట్లో ఆ సంబరం ఇదివరకే ఒకసారి అయింది. బ్యాంకు తరఫున ఎవరో అమ్మాయి దుకాణానికి వచ్చి, మొదటి ఏడు ఏమీ కట్టక్కర్లేదని చెప్పి మా వాడికో కార్డు అంటగట్టింది. రెండో ఏడు రుసుం పడింది. ఇంత ఖర్చు పెడితే ఆ రుసుం తీసేస్తారని తెలిసి, ఆ ఖర్చు చూపించడానికి దుకాణంలో ఏసీ పెట్టించాడు. ఈగలు కూడా ఆగని ఆ వీధి దుకాణానికి ఏసీ! తలుపులు మూస్తే బేరాలు రావు, తెరిస్తే చల్లదనం ఉండదు. చివరికి కూడిన పాయింట్లతో మా కోడలు ఒక చక్రాల పెట్టె తెప్పించింది. రావులపాలెం బస్సు కాంప్లెక్సులో మొదటిసారి లాగారు, ఒక చక్రం ఊడి బస్సు కిందికి పోయింది. ఇప్పుడది అటక మీద, పాత దుప్పట్లతో.

"ఇంకో పెట్టె తెచ్చుకుందురు గాని, ఉండండి" అన్నాను ఆ సాయంత్రం.

వంటింట్లోంచి కోడలు, "ఆ పెట్టె గొడవ ఇప్పుడెందుకండీ అత్తయ్యగారూ? అది పెట్టె తప్పు, పాయింట్ల తప్పు కాదు కదండీ" అంది.

"ఫోను చెయ్యరా మీ బావకి. నేనే అడుగుతాను."

అడుగుతానన్నానే గాని, అల్లుడితో నేను సూటిగా మాట్లాడింది తక్కువ. మా అబ్బాయి ఫోను స్పీకరులో పెట్టి నా ముందు పట్టుకున్నాడు.

"అత్తయ్యగారూ, బాగున్నారాండీ? మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయండీ?"

"బాగానే ఉన్నానని చెప్పరా" అన్నాను.

"వినబడుతోందమ్మా ఆయనకి."

"వినబడితే సరే. పాయింట్లు ఎలా వచ్చాయో అడుగు."

"ఆయ్, చెప్తానండి. ఇంటి సరుకులు, పెట్రోలు, మీ అమ్మాయి మందులు, అన్నీ కార్డు మీదే కొంటామండి. ఎలాగూ కొనేవేనండి, కొత్తగా కొన్నవేమీ లేవు. నెలాఖరుకి బిల్లు మొత్తం కట్టేస్తామండి, పైసా ఉంచం. ఉంచితే వడ్డీలో ఈ పాయింట్లన్నీ కొట్టుకుపోతాయండి."

అది విని మా అబ్బాయి వైపు చూశాను. వాడు వీధిలోకి చూశాడు.

"మరి అన్ని పాయింట్లుంటే సామాను తెచ్చుకోక టికెట్టెందుకని అడుగు."

"సామానుకి వాడితే దండగండి అత్తయ్యగారూ. ఈ పాయింట్లకి బ్యాంకు వాళ్ళ బహుమతుల పుస్తకంలో అయితే ఒక పెట్టె, ఒక మిక్సీ వస్తాయండి. అవే విమానం కంపెనీ ఖాతాలోకి మార్చుకుంటే హైదరాబాదు నుంచి మస్కట్ దాకా మనిషి రావొచ్చండి. అందులోనూ ధరలు మండే రోజుల్లో వాడుకుంటేనే గిట్టుబాటు. మామూలు రోజుల్లో అయితే డబ్బులిచ్చి కొనుక్కోవడమే నయమండి."

అన్నవాడు ఆగకుండా, "ఇప్పుడే మార్చేస్తానండి, ఆ తరువాత తీరుబడిగా సీటు చూద్దాం" అన్నాడు.

ఆ తీరుబడి దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

"మార్చాక సీటు లేదంటే మళ్ళీ వెనక్కి ఇస్తాడా, అడుగు."

"వెనక్కి రావండి."

"అయితే మిక్సీ కూడా పోయినట్టే కదా?"

"ఆయ్. పోయినట్టేనండి."

"ముందు సీటు చూడమను."

చూశారు. పాయింట్లకిచ్చే సీట్లు ఒక్కో విమానంలో ఒకటో రెండో ఉంటాయట, అందరికీ ఇవ్వరట. మేము అనుకున్న ఆదివారానికి లేదు. సోమవారానికి లేదు. బుధవారానికి ఒకటి కనబడింది. పైగా ఆ ఉచితం టికెట్టుకి పన్నులని కొంత నగదు కట్టాలన్నారు. ఊరికే అని మొదలుపెట్టి పన్ను దగ్గరికి వచ్చారు చూశావా, అన్నాను మా వాడితో. వాడు తల పట్టుకున్నాడు.

"మార్చమంటారాండీ మరి?" అల్లుడి గొంతు.

అప్పుడు చెప్పాను, అసలు మాట. "పురుడు పుట్టింటి ఖర్చు. అల్లుడుగారి సొమ్ముతో వచ్చి పురుడు పోశానన్న మాట నాకొద్దు. అప్పు చేసైనా మా అబ్బాయే తీస్తాడు టికెట్టు."

మా వాడు నోరు తెరిచేలోగా ఫోనులో మా అమ్మాయి పలికింది. అప్పటిదాకా పక్కనే ఉండి వింటోందని నాకు తెలియదు.

"అమ్మా, నీ పరువు బరువెంతుంటుంది? విమానంలో ఇరవై కిలోలే తెచ్చుకోనిస్తారు."

"పెద్దదాన్ని పట్టుకుని వెక్కిరిస్తావా?"

"వెక్కిరింపు కాదు. తెస్తే బాగా మడతపెట్టి తీసుకురా, పిల్లకి పక్కబట్టగా వేస్తాను. ఆ పాయింట్లలో నా జీతం లేదా? నా కాళ్ళు వాచిపోయేదాకా చేసిన డ్యూటీలు లేవా? మీ అల్లుడి సొమ్మంటావేంటి మొత్తం?"

"నీ జీతమైతే మాత్రం? నువ్వు ఆ ఇంటి పిల్లవి."

"అయితే ఆ ఇంటి పిల్లకి మీ ఇంటి పురుడెందుకు? మానెయ్."

ఆ మాట అయ్యాక ఫోనులో దాని ఊపిరి వినబడుతోంది. బరువుగా, మెట్లెక్కిన మనిషిలాగ. ఆ ఊపిరి విన్నాక నాకు గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు. చిన్నప్పటి నుంచి అది భయపడితేనే ఇలా ఎదురు తిరుగుతుంది. జ్వరమొచ్చినప్పుడు కూడా ముందు నాతో దెబ్బలాడి, తరువాతే ఒళ్ళో పడుకునేది.

"భయంగా ఉందా?" అన్నాను.

"నువ్వు ఎప్పుడొస్తావో చెప్పమ్మా" అంది.

అక్కడికి నా పంతం సగం జారిపోయింది. మిగతా సగానికి ఒక దారి చూసుకున్నాను. "సరే. ఆ పాయింట్ల విలువ ఎంతో చెప్పండి. బారసాల నాటికి అంత బంగారం పిల్ల మెళ్ళో వేస్తాను. అప్పుడు బాకీ ఉండదు."

అల్లుడు నొచ్చుకున్నాడు. "ఎంత మాటండీ అత్తయ్యగారూ! వాటికి విలువేముందండీ?"

"విలువ లేకపోతే విమానం వాడు ఎందుకు పుచ్చుకుంటాడో అడగరా."

మా అమ్మాయి అందుకుంది. "ఏ రేటుకి కడతావమ్మా? సీటు రేటుకా? పెట్టె, మిక్సీ రేటుకా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. బుధవారం సీటు నగదుకి ఎంతుందో మా వాడు అంతకు ముందే చదివి వినిపించాడు. ఆ లెక్కన బంగారమంటే నా చేతి గాజు ఒకటి పోవాలి.

"పెట్టె, మిక్సీ రేటుకి" అన్నాను.

ఫోనులో ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వంటింట్లో కోడలు నవ్వు కూడా వినబడింది. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వాలి? ఆయనకి వాటితో సీటు తీసే పని లేకపోతే చివరికి కొనుక్కునేది ఆ మిక్సీయే కదా. నేను చెప్పిన రేటులో తప్పేమీ లేదు. పన్నుల డబ్బు మాత్రం నాదే, అందులో బేరం లేదని చెప్పాను. అల్లుడు ఒప్పుకున్నాడు. పాయింట్లు అటు ఖాతాలో పడడానికి తెల్లారిపోతుందని, పడగానే టికెట్టు చేస్తానని చెప్పాడు.

ఫోను పెట్టేశాక మా అబ్బాయిని అడిగాను, ఈ పది రోజులూ ఎందుకు నాన్చావని. ధర తగ్గుతుందేమోనని చూశానన్నాడు. నేను నమ్మలేదు. వాడూ నమ్మించే ప్రయత్నం చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న పాలు కాస్తూ ఉండగా ఫోను వచ్చింది. పాయింట్లు మారాయి. బుధవారం సీటు మాత్రం పోయింది. ఎవరో తీసేసుకున్నారు. ఇక ఉన్నది శుక్రవారం, బొంబాయిలో దిగి ఏడు గంటలు కూర్చుని ఇంకో విమానం ఎక్కాలి. ఇంకా ముందు ఏదైనా ఉందేమో చూడమన్నాను. చూశారు, లేదు. డాక్టరమ్మగారు చెప్పిన గడువుకి శుక్రవారమైతే ఇంకా వారం ఉంటుంది. పాయింట్లు ఎలాగూ వెనక్కి రావు.

"ఒక్కరూ ఏడు గంటలు కూర్చోగలరాండీ?" అన్నాడు అల్లుడు.

"కూర్చోడానికేముంది బాబూ? చెయ్యండి" అన్నాను. మా అబ్బాయి నడుమ లేకుండా ఆయనతో నేరుగా అన్నాను.

టిఫిను వేళకి టికెట్టు మా వాడి ఫోనులోకి వచ్చింది. నేను చదివింది నాలుగో తరగతి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని నా పేరు ఒక్కొక్క అక్షరం వాడి చేత చదివించి సరిచూసుకున్నాను. పన్నుల డబ్బు పెట్టెలోంచి తీసి వాడి చేతికిచ్చాను. వాడు మొహమాటంగా, అది బావ అప్పుడే కార్డు మీద కట్టేశారని, దానికీ కొన్ని పాయింట్లు వస్తాయని చెప్పాడు.

ఆ డబ్బు నీ దగ్గర ఉంచుకుని, నీ ఖాతాలోంచి ఆయనకి ఇప్పుడే, నా ఎదురుగా పంపించమన్నాను. పంపించాడు. అందిందండీ అత్తయ్యగారూ అని అల్లుడి దగ్గర నుంచి కబురు వచ్చాక వాడిని దుకాణానికి పోనిచ్చి, బాలింతకి శొంఠి దంచడానికి రోలు కడుక్కున్నాను.