తీగలక్క కడుపుమంట

సైన్యంలోని సిగ్నల్ విభాగంలో ఆమెను చిన్నా పెద్దా అందరూ తీగలక్క అనేవారు. దళం ఎక్కడికి కదిలినా ముందే వెళ్ళి, డేరా వేయించి, తీగలు పరిచి, అధికారుల ఆజ్ఞలు అందరికీ చేరేలా చూడడం ఆమె పని. దానికి సగం పూట పట్టేది. ఆ సగం పూటా పెద్ద అధికారులు సైతం ఆమె మాటే వినేవారు. ఉద్యోగంలో ఆమెకు బాగా నచ్చిందీ అదే.

సరిగ్గా ఆ పనికే ఎసరు పెట్టింది ఇంజనీరైన ఆడపడుచు. ఆమె తయారుచేసిన పెట్టెల్ని జీపులోంచి దించి కలిపితే చాలు, టీ చల్లారేలోపు తెర మీద పటం, ఏ దళం ఎక్కడుందో చూపించే చుక్కలు సిద్ధం. యుద్ధమైనా, వరద సాయమైనా, అవసరాన్ని బట్టి పెట్టెలు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

ఇంట్లో మొగుడిది ఒకటే భజన. "మా చెల్లి బుర్ర చూశావా? మీరంతా సగం పూట తంటాలు పడేదాన్ని..."

"తింటూ మాట్లాడకండి, పొలమారుతుంది," అనేది తీగలక్క.

పై అధికారుల ముందు యంత్రాన్ని పరీక్షించే రోజు వచ్చింది. మైదానమంతా వాన. ఆడపడుచు తెర దగ్గర నిలబడి వివరిస్తోంది. వెనక పెట్టెల దగ్గర తీగలక్క ఉంది. ఎవరి బూటో తగిలి ప్రధాన తీగ జారడం ఆమె కళ్ళారా చూసింది. వంగి ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది. వంగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తెర ఎప్పుడు నల్లబడుతుందా అని ఊపిరి బిగబట్టింది. తీగ పూర్తిగా ఊడి బురదలో పడింది.

తెర మీద ఒక్క చుక్క కూడా చెదరలేదు. యంత్రం తనంతట తానే రేడియో దారికి మళ్ళింది. అధికారులు చప్పట్లు కొట్టారు. తీగలక్కకు ఏడుపొచ్చింది. సిగ్గుతోనో, ఓర్వలేకో ఆమెకే తెలియలేదు.

అందరూ వెళ్ళాక ఆడపడుచు పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "వదినా, మధ్యలో తీగ ఊడింది తెలుసా? రేడియో దారి అందుకుంటుందో లేదోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక నువ్వున్నావులే అని గుండె చిక్కబట్టుకున్నా."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"ఊడుతుంటే చూశానే. కావాలనే పెట్టలేదు."

"ఎందుకు?"

"కడుపుమంట. ఇంకేముంటుంది?"

ఆ పిల్ల చేతులు వదిలేసింది. బురదలోని తీగను తీసి మట్టి పోయేదాకా తుడిచింది. చివరికి, "అన్నయ్యకి చెప్పనులే. కానీ నాకు మర్చిపోవడం చేతకాదు వదినా," అంది.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే. పెట్టెలు దళానికి వచ్చాయి. తీగలక్క మూతి ముడుచుకునే వాటి పని నేర్చుకుంది. నది పొంగినప్పుడు ఆమే వాటిని గట్టు మీదికి చేర్చి బిగించింది. చిక్కుకున్న మనుషులకు ఏ దళం దగ్గర్లో ఉందో తెర మీద చూస్తూ పడవల్ని పంపింది. వరద తగ్గాక ఆడపడుచుకి ఫోన్ చేసింది.

"నీ యంత్రం బాగుందే."

"ఇప్పటికి ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నా. మంట మాత్రం ఇంకా చల్లారలేదు."

అవతల ఆ పిల్ల పకపకా నవ్వింది.